పండుగ బొమ్మలో ఎవరి ఇల్లు?

సంక్రాంతి దగ్గరపడితే తెలుగు పత్రికలన్నీ ఒకే బొమ్మ వేస్తాయి. పెంకుటిల్లు, దాని ముందు పెద్ద వాకిలి, వాకిట్లో ముగ్గు, ముగ్గులో గొబ్బెమ్మ. ఒక పక్క గంగిరెద్దు, ఇంకో పక్క హరిదాసు. అరుగు మీద తాత. బస్సు దిగి వస్తున్న కొడుకూ, కోడలూ, మనవలూ. దశాబ్దాలుగా ఇదే బొమ్మ చూసీ చూసీ, ఇది తెలుగువాళ్ళందరి ఇల్లేనని నమ్మడం అలవాటైపోయింది. ఆ ఇల్లు ఎవరిది? ఆ వాకిలి ఊడ్చిందెవరు? ఆ పల్లె పిలుస్తున్నది ఎవర్ని? పండుగపూట ఇవి అడగకూడని ప్రశ్నలుగా చలామణి అవుతున్నాయి. మేం వాటినే అడగదలిచాం.

జనవరి రెండోవారంలో తార్నాక చౌరస్తాలో నిలబడి చూడండి. ఇటు ఉస్మానియా హాస్టళ్ళ నుంచి, అటు ఇఫ్లూ నుంచి బ్యాగులు తగిలించుకున్న విద్యార్థులు సికింద్రాబాద్ స్టేషన్‌కీ, జూబ్లీ బస్టాండ్‌కీ, ఉప్పల్‌కీ కదులుతుంటారు. నగరం ఖాళీ అయిందని మర్నాడు పత్రికలు రాస్తాయి. ఖాళీ కానివాళ్ళ సంగతి రాయవు. గ్రూప్స్‌కీ, నెట్‌కీ చదువుకుంటూ గదుల్లోనే మిగిలిపోయేవాళ్ళు ఉంటారు. పండుగ చార్జీలు లెక్కేసుకుని ఆగిపోయేవాళ్ళు ఉంటారు. క్యాంపస్‌ని ఆనుకుని ఉన్న మాణికేశ్వరినగర్, జనం నోట్లో వడ్డెరబస్తీ, ఎక్కడికీ పోదు. అక్కడి చాలా ఇళ్ళకి బస్తీయే ఊరు. పండుగ స్పెషల్ బస్సు నడిపే ఆర్టీసీ డ్రైవరు పండుగనాడు తన ఇంట్లో ఉండడు. అంతెందుకు, పండుగ బొమ్మలోనే ఉన్న గంగిరెద్దులాయన సంగతి చూడండి. సంక్రాంతి ఆయనకి పని రోజు. ఎద్దుని తోలుకుని ఊళ్ళమీద తిరిగితేనే నాలుగు గింజలు. అందరూ ఇంటికి చేరే పండుగకి గుర్తుగా నిలబెట్టిన మనిషే ఆ రోజు ఇంటికి దూరంగా ఉంటాడు. బొమ్మ గీసినవాళ్ళకి ఇది తోచదు.

ఈ బొమ్మకి మాటా పాటా ఇస్తే సినిమా అవుతుంది. 2017 జనవరి 14న, సరిగ్గా పండుగకే విడుదలైన 'శతమానం భవతి' అలాంటిది. వేగేశ్న సతీష్ దర్శకుడు, దిల్ రాజు నిర్మాత. జాతీయ అవార్డుల్లో ఉత్తమ ప్రజాదరణ చిత్రంగా గుర్తింపు కూడా పొందింది. కథ గోదావరి సీమలోని ఆత్రేయపురంలో నడుస్తుంది. రాఘవరాజు అనే పెద్దాయన, ఆయన భార్య, విదేశాల్లో స్థిరపడ్డ పిల్లలు. వాళ్ళని సంక్రాంతికి రప్పించడానికి పెద్దాయన ఒక ఉపాయం పన్నుతాడు. వాళ్ళొస్తారు, తప్పు తెలుసుకుంటారు, కుటుంబం కలుస్తుంది.

ముసలి తల్లిదండ్రుల ఒంటరితనం నిజమైన దుఃఖమే. దాన్ని మేం వెక్కిరించడంలేదు. మా అభ్యంతరం వేరు. ఈ కథకి ఉన్నది ఒకటే ప్రశ్న: పిల్లలు ఇంటికెందుకు రావడంలేదు? అంత దూరం వాళ్ళెట్లా పోగలిగారన్నది దానికి అక్కర్లేదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో భూమి ఉన్న కులాల పిల్లలు చదువుకీ, పట్నానికీ, అమెరికాకీ పోయిన దారి వరిచేలోంచే పోయింది. పంటలో మిగులు ఉంది కాబట్టి పోగలిగారు. ఆ మిగులు ఎవరి రెక్కలది? అదే చేలో నాటేసి, కోసి, కుప్ప నూర్చినవాళ్ళ పిల్లలూ ఊరొదిలారు. కానీ వాళ్ళు పోయింది కూలి వెతుక్కుంటూ, లేదంటే సంక్షేమ హాస్టల్ పట్టుకుని. ఈ ఇద్దరూ సంక్రాంతికి ఒకే బస్సు ఎక్కొచ్చు, ఒకే స్టాపులో దిగొచ్చు. దిగాక ఒకరు ఊళ్ళోకి నడుస్తారు, ఒకరు వాడలోకి నడుస్తారు. సినిమా మొదటివాడి వెంటే పోతుంది. 2025 సంక్రాంతికి అదే నిర్మాణ సంస్థ నుంచి 'సంక్రాంతికి వస్తున్నాం' అనే సినిమా వచ్చింది. 'వస్తున్నాం' అంటున్నది ఎవరో, ఏ ఇంటికో చెప్పనక్కర్లేదన్న ధీమా ఆ పేరులోనే ఉంది.

అయితే దళితులు సంక్రాంతి చేసుకోరా అని అడుగుతారు. చేసుకుంటారు. తెలంగాణ వాడల్లో సకినాలు చుడతారు, కోస్తాలో అరిసెలు వండుతారు, చనిపోయిన పెద్దలకి బట్టలు పెడతారు. పంట పండించినవాళ్ళకి పంట పండుగ మీద హక్కు లేదని మేం అనం. అసలు హక్కుదారులే వాళ్ళు. కాకపోతే కళ్ళం దగ్గర 'మేర' కోసం నిలబడ్డ చేతులకీ, గాదె నింపుకున్న చేతులకీ ఆ పండుగ ఒక్కటే కాదు. ఒకరికి అది మిగులు పండుగ. ఇంకొకరికి కోతల కూలి చేతికొచ్చిన నాలుగు రోజుల తెరిపి. ఈ తేడాని చెరిపేసి, గాదె ఉన్న ఇంటిని 'తెలుగు సంస్కృతి' అని పిలవడం దగ్గరే మా పేచీ.

పైగా చలికాలంలో వాడకి ఇంకో పండుగ ఉంది. తెలుగుదేశంలో లెక్కలేనన్ని మాల, మాదిగ ఇళ్ళకి పెద్ద పండుగ క్రిస్మస్. డిసెంబరు మొదలవగానే గుడిసె చూరుకీ, డాబా మీది కర్రకీ స్టార్ వేలాడుతుంది. సెమీ క్రిస్మస్‌లు, రాత్రిపూట ఇంటింటికీ పాటల గుంపులు, గుడి దగ్గర పిల్లల నాటకం, ప్రేమవిందు, కొత్తబట్టలు, పొయ్యిమీద పెద్దకూర. పట్నంలో కూలికి పోయిన కొడుకు, బెంగుళూరులో కట్టడం పనిలో ఉన్న అల్లుడు ఆ రోజుకే ఇంటికొస్తారు. 'ఇంటికి పోదాం' అన్న మాట వాడలో ఎక్కువగా వినపడేది ఆ వారంలోనే. మరి పత్రికలు ఆ వారం ఏ బొమ్మ వేస్తాయి? సికింద్రాబాద్‌లోనో, మెదక్‌లోనో ఉన్న పెద్ద చర్చి బొమ్మ వేస్తాయి. చర్చి కనపడుతుంది, ఇల్లు కనపడదు. సంక్రాంతి అనగానే ఇల్లు, క్రిస్మస్ అనగానే కట్టడం! వాడకి కూడా ఇల్లుంటుందని, అందులో అమ్మా నాయినా మనవలూ ఉంటారని ఒప్పుకోవడం అంత కష్టమా?

ఆ పెద్ద చర్చి చరిత్రలో కూడా ఆకలిగొన్న ఇళ్ళే ఉన్నాయి. మెదక్ చర్చిని పోస్నెట్ దొర కరువుకాలంలో పనికి తిండి పెట్టి కట్టించాడు. 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజే, దాన్ని ప్రారంభించారు. అంతకు చాలా ముందు, 1876–78 కరువులో, ఒంగోలు మిషనరీ క్లాఫ్ బకింగ్‌హామ్ కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. తిండికోసం మతం మారుతున్నారన్న మాట రాకూడదని కరువు సాగినన్నాళ్ళు బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలైలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. ఆ కదలికకి దారి వేసినవాడు కూడా దొర కాదు, తోళ్ళ వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ. 'కూటికోసం మారారు' అని తేలిగ్గా మాట్లాడేవాళ్ళు ఈ చరిత్ర చదవాలి. ఊరిగుడి మెట్టు తొక్కనివ్వని చోట, అందరూ కలిసి కూచుని తినే ఒక పండుగని వాళ్ళు సంపాదించుకున్నారు. మా దృష్టిలో క్రిస్మస్ వాడకి దానంగా రాలేదు.

ఈ పండుగని సర్కారు ఎట్లా చూస్తున్నదో బడి క్యాలెండరు చూస్తే తెలుస్తుంది. మన రాష్ట్రాల్లో మిషనరీ బడులకి క్రిస్మస్ సెలవులు, మిగతా బడులకి సంక్రాంతి సెలవులు అని విడదీస్తారు. పైకి ఎంతో న్యాయంగా కనపడుతుంది. కానీ క్రిస్మస్ చేసుకునే వాడపిల్లలు చదివేది ఎక్కడ? ఎక్కువమంది సర్కారు బడుల్లో, సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో. పేరున్న మిషనరీ బడుల్లో ఫీజు కట్టగలిగిన అగ్రకులాల పిల్లలు కూచుంటారు. ఫలితం ఏమిటంటే క్రిస్మస్ లేని ఇంటి పిల్లకి వారం రోజుల క్రిస్మస్ సెలవు, క్రిస్మస్ ఉన్న ఇంటి పిల్లకి రోజో రెండ్రోజులో. సెలవుని ఇంటినిబట్టి ఇవ్వలేదు, కట్టడాన్నిబట్టి ఇచ్చారు. పత్రిక బొమ్మ చేసిన పనే క్యాలెండరూ చేసింది.

ఇంతకంటే లోతైన గాయం కాగితంలో ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి వర్తింపజేశారు. క్రైస్తవంలోకి పోయిన దళితుడికి లేదు. మన దగ్గర అతను బీసీ-సి, ఒక శాతం కోటా. మతం మారితే అంటరానితనం పోతుందని కాగితం అంటుంది. ఊరు మాత్రం అతన్ని వాడలోనే ఉంచుతుంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి మహిళ ఒకామె కేసులో, క్రైస్తవం పాటిస్తూ రిజర్వేషన్ కోసం హిందువునంటే కుదరదని తేల్చింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారినవారికి అట్రాసిటీ చట్టం రక్షణ ఉండదని తీర్పు చెప్పింది. దీని అర్థం వాడలో ఎట్లా దిగుతుందో ఆలోచించండి. సీటుకోసం, ఫెలోషిప్‌కోసం సర్టిఫికెట్ పట్టుకున్న పిల్లకి ఇంటిమీది స్టార్ సాక్ష్యంగా మారుతుంది. సంక్రాంతి ముగ్గు ముందు నిలబడి ఫోటో దిగడానికి ఎవరూ భయపడరు. క్రిస్మస్ చెట్టు పక్కన అమ్మతో దిగిన ఫోటోని పదిమందికి చూపించడానికి ఈమె భయపడాలి. అగ్రకులస్తుడు క్రిస్మస్ కేకు కోస్తే విశాల హృదయం. దళితుడు కోస్తే విచారణ! ఇంట్లో పండుగ చేసుకోవడం అనే మామూలు సంగతి ఒకరికి మురిపెం, ఒకరికి ముప్పు.

క్యాంపస్ సంగతికొస్తే, సెలవులంటే అందరికీ పోవడానికి ఇల్లుంటుందన్న నమ్మకం మీదే మెస్‌లు మూసే పద్ధతి ఏ యూనివర్సిటీలోనైనా నడుస్తుంది. 2016 సంక్రాంతి జనవరి 15న వచ్చింది. ఆ రోజుల్లో ఇదే నగరంలో, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి వెళ్ళగొట్టిన ఐదుగురు దళిత విద్యార్థులు ఆరుబయట టెంటు వేసుకుని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టుకున్నారు. రెండ్రోజుల తర్వాత, జనవరి 17న, రోహిత్ వేముల మనకి లేకుండా పోయాడు. ఆ తర్వాత సర్కారు తవ్విందేమిటి? వాళ్ళమ్మ ఏ ఇంట్లో పుట్టింది, ఏ కులం ఇంట్లో పెరిగింది అని. బతికుండగా గది లేకుండా చేసి, పోయాక ఇల్లు ఆరా తీశారు.

మరి మన సాహిత్యం ఈ ఇంటిని ఎంతవరకు రాసింది? కారంచేడు 1985, చుండూరు 1991 తర్వాత వచ్చిన దళిత కవిత్వం ఊరుకీ వాడకీ మధ్య గీతని నెత్తురుతో సహా చూపించింది. 'చిక్కనవుతున్న పాట', 'పదునెక్కిన పాట' సంకలనాలు ఆ పని చేశాయి. గాయం, ధిక్కారం రాయాల్సిన కాలమది. కంచ ఐలయ్య ఉస్మానియాలో పాఠాలు చెబుతూనే 1996లో ఇంగ్లీషులో తెచ్చిన పుస్తకం, తెలుగులో 'నేను హిందువునెట్లయిత', తిండినీ దేవతలనీ పండుగలనీ ఇంటిలోపలి నుంచి చర్చకి పెట్టింది. అది పెద్ద మలుపు. అయితే అది పోచమ్మ ఇంటిని బ్రాహ్మణ ఇంటితో పోల్చింది. స్టార్ కట్టిన ఇల్లు దాని కేంద్రం కాదు. నాగప్పగారి సుందర్రాజు 'మాదిగోడు', ఎండ్లూరి సుధాకర్ 'మల్లెమొగ్గల గొడుగు', గోగు శ్యామల కథలు వాడ ఇంటి తలుపు తీశాయి. ఆ తలుపులోంచి ఇంకా చాలామంది లోపలికి పోవాల్సి ఉంది.

ఎందుకంటే ఇంటికి పోయిన మొదటితరం విద్యార్థి కథ ఏ సంక్రాంతి సంచికలోనూ రాదు. 'ఇంకెన్నేండ్లు జదువుతవు బిడ్డా, నౌకరెప్పుడొస్తది?' అని అమ్మ అడుగుతుంది. థీసిస్ అంటే ఏందో ఆమెకి చెప్పే మాట యూనివర్సిటీ మనకి నేర్పలేదు. ఒక్క గదిలో పుస్తకం పెట్టుకునే చోటు ఉండదు. మర్నాడు పత్తి ఏరడానికి పోయే అక్క వెంట పోవాలా, ఇంట్లో కూచుని రాసుకోవాలా? పోతే రాత ఆగుతుంది. కూచుంటే అక్క ముఖం చూడలేం. అయినా రాత్రికి అందరూ ఒక్క తప్పాల చుట్టూ కూచుని నవ్వుకుంటూ తింటారు. ఈ సిగ్గూ, ఈ ప్రేమా, ఈ నవ్వూ కలిసిన ఇల్లు మనది. మన ఇళ్ళల్లో ఏడుపే ఉంటుందని ఎదుటివాడు అనుకుంటే అది వాడి అజ్ఞానం. మన రాతలో కూడా ఏడుపే ఉంటే వాడి అజ్ఞానానికి మనం సాక్ష్యం సంతకం పెట్టినట్టే.

కాబట్టి ఆ పెంకుటింటి బొమ్మలో ఒక మూల మాకూ చోటివ్వండని మేం అడగడంలేదు. వాడకి దాని ఇల్లు ఉంది. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఇళ్ళకి పోలేనివాళ్ళకోసం సెలవుల్లో కూడా ఒక మెస్ నడవాలి. సర్కారు బడుల్లో, సంక్షేమ హాస్టళ్ళలో చదివే పిల్లలకి వాళ్ళ ఇంటి పండుగకి సరిపడా సెలవు ఉండాలి. 1950 ఉత్తర్వులోని మతం షరతు పోవాలి. ఇవి ఉద్యమం చేయాల్సిన పనులు. రాసేవాళ్ళు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. టీచర్లు క్లాసులో 'మా ఇంటి పండుగ' అని వ్యాసం రాయమంటే, వాడపిల్ల కూడా గొబ్బెమ్మల మీదే రాసి మార్కులు తెచ్చుకుంటుంది. ఆ పిల్ల తన ఇంటి స్టార్ గురించి, పెద్దకూర గురించి, నాయిన వాయించిన డప్పు గురించి భయం లేకుండా రాసి, దానికీ మార్కులు పడే రోజు రావాలి. ఈ డిసెంబరులో ఇంటికి పోతున్న విద్యార్థులు తిరిగొచ్చేటప్పుడు నాలుగు పేజీలు రాసుకురండి. చర్చించుకుందాం.