గులాబీ పరిమళం, ఊరికో కాలం

గులాబీ వాసన రేకుల్లోనే పుడుతుంది. రేకు పైపొర కణాల్లో జెరానియోల్, సిట్రొనెల్లోల్, ఫినైల్ ఇథనాల్ వంటి తేలిగ్గా ఆవిరయ్యే పదార్థాలు తయారై, పువ్వు విచ్చుకుంటున్నకొద్దీ గాలిలో కలుస్తాయి. తెల్లవారుజామున సగం విచ్చిన పువ్వును ముక్కు దగ్గర పెట్టుకుంటే గుప్పున తగిలే వాసన, అదే పువ్వులో మధ్యాహ్నానికి పలచబడుతుంది. ఎండకు అత్తరు ఎగిరిపోతుందన్నమాట. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లోనైనా, బల్గేరియాలోని కజన్‌లక్ లోయలోనైనా పొద్దెక్కకముందే పూలు కోసేది అందుకే. కిలో గులాబీ నూనెకు మూడు నాలుగు టన్నుల పూలు కావాలి. కోత ఆలస్యమైతే ఆ లెక్క ఇంకా పెరుగుతుంది.

పెరటి మొక్కకూ వర్తించే సూత్రం ఇదే. చల్లని ఉదయాల్లో పువ్వు విచ్చుకోవాలి. ఆ ఉదయాలు ఏ నెలల్లో వస్తాయన్నది ఊరిని బట్టి ఉంటుంది. మొక్క ఎంపికా, కత్తిరింపూ, నీరూ అన్నీ ఆ నెలల చుట్టూ అల్లుకోవలసిందే.

అత్తరుకు పేరుపడ్డ డమస్క్ గులాబీ ఏడాదికి ఒక్కసారే, వసంతంలో పూస్తుంది. నిండుగా పూయాలంటే అంతకుముందు దానికి చలికాలపు విశ్రాంతి కావాలి. కజన్‌లక్‌లో మే, జూన్ నెలల్లో కోత. సౌదీ అరేబియాలోని తాయిఫ్‌లో గులాబీ తోటలంటే వింతగా తోస్తుంది కానీ, ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉంది; అక్కడి రాత్రుల చలే ఆ తోటలకు ఆధారం. అంత చలి తెలుగునాట మైదానాల్లో దొరకదు. ఇక్కడ డమస్క్ పొద ఏపుగా పెరిగినా పూత పలచగానే ఉంటుంది.

ఈ చిక్కును తీర్చింది చైనా గులాబీ. 18వ శతాబ్ది చివర ఐరోపాకు చేరిన ఈ జాతికి ఏడాది పొడవునా పూసే గుణం ఉంది. దాన్ని పాత గులాబీలతో సంకరపరచగా పుట్టినవే ఇప్పటి తోట గులాబీలు. 1867 నాటి 'లా ఫ్రాన్స్'ను హైబ్రిడ్ టీ అనే సంకర రకాల్లో మొదటిదిగా లెక్కిస్తారు. 1897లో వచ్చిన ముదురెరుపు 'గ్రూస్ ఆన్ టెప్లిట్జ్' ఎండలకు తట్టుకుని, వాసనా వదలకుండా, ఉత్తర భారత మైదానాల్లో స్థిరపడింది. 'క్రిమ్సన్ గ్లోరీ' (1935), 'మిస్టర్ లింకన్' (1964), 'డబుల్ డిలైట్' (1977) కూడా వాసనకే పేరు మోసినవి. నర్సరీలో పువ్వు సైజు చూసి మోసపోకుండా పొద్దున్నే వెళ్లి వాసన చూసి కొనడం మంచి పద్ధతి.

వేడి దేశానికి వేడి దేశపు గులాబీయే కావాలన్నది మరో ఆలోచన. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారిగా పనిచేసి, తర్వాత కొడైకెనాల్‌లో స్థిరపడిన ఎం.ఎస్. వీరరాఘవన్ దశాబ్దాల పాటు ఈ పని మీదే ఉన్నారు. నీటి ముంపును ఓర్చుకునే భారతీయ అడవి గులాబీ రోజా క్లైనోఫిల్లా, మణిపూర్ కొండల్లో చెట్లమీదికి పాకే రోజా జైగాంటియా, ఈ రెండింటి నుంచీ ఆయన కొత్త రకాలు సృష్టించారు. ఐరోపా చలికి పుట్టిన మొక్కను ఇక్కడి ఎండలో బతికించే అవస్థ కంటే ఇది ఎంతో తెలివైన దారి.

తెలుగునాట గులాబీకి అసలైన వసంతం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. దానికి ముహూర్తం అక్టోబరులో, వానలు వెనకబట్టాక పడే కత్తిరింపు. ముందు కొన్ని రోజులు నీరు తగ్గిస్తారు. ఎండిన, సన్నటి, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలను మొదలంటా తీసేసి, బలమైన నాలుగైదింటిని మోకాలెత్తున ఉంచుతారు. కోత పెట్టే చోటే నేర్పంతా. పొద బయటివైపు చూసే కన్నును వెతికి, దానికి పావు అంగుళం పైన, కన్నుకు ఎదురు వైపుకు వాలేలా ఏటవాలుగా పదునైన కత్తెర వేయాలి. కోసిన చోట బెండు తెల్లగా కనిపించాలి. గోధుమరంగు ఉంటే ఎండు తెగులు లోపలికి దిగినట్టే. తెల్లని బెండు వచ్చేదాకా ఇంకా కిందికి కోయాలి. ఆ గాయాలకు బోర్డో పేస్టు పూసి, మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి వేసి నీరు పెడితే ఆరేడు వారాల్లో పూత మొదలవుతుంది. నెల్లూరు, తిరుపతి వైపు అక్టోబరు, నవంబరు నెలల్లోనే పెద్ద వానలు కాబట్టి అవి తెరిపిచ్చేదాకా కత్తెర పట్టకపోవడమే మేలు.

వేసవిలో పూల కోసం ఆశపడకూడదు. రేకులు తగ్గి, విచ్చిన పూటే వాడిపోయే ఆ పూలకు మొక్క బలమంతా పోతుంది. మొగ్గలు గిల్లేసి, మొదట్లో ఎండుటాకులు పరిచి, మధ్యాహ్నపు ఎండకు నీడ కల్పిస్తే చాలు. పొడి ఎండల్లో ఆకు అడుగున ఎర్రనల్లి చేరుతుంది. ఉదయాన్నే ఆకుల అడుగుభాగం తడిసేలా నీళ్లు కొడితే చాలావరకు పోతుంది. బోరు నీటిలో సున్నం ఎక్కువున్న చోట లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. అది ఇనుము అందకపోవడం, ఎరువు చాలకపోవడం కాదు.

చలి దేశాల్లో పద్ధతి తలకిందులవుతుంది. మన దగ్గర అంటు కట్టిన ముడి నేలకు పైన ఉండాలి. షికాగో వంటి గడ్డకట్టే చలి ఉన్న చోట ఆ ముడిని రెండు అంగుళాలు లోపల పాతి, శీతాకాలం ముందు మొదట్లో మట్టి కుప్ప పోస్తారు. కత్తిరింపు మంచు పోయి కళ్లు ఉబ్బే వసంతంలోనే. అంటు లేకుండా సొంత వేళ్లపై పెరిగిన మొక్కలూ, లవంగపు ఘాటున్న రుగోసా జాతీ అక్కడ నమ్మకమైనవి. ఇంగ్లండు వంటి చల్లని తడి నేలల్లో చలి కంటే నల్లమచ్చ తెగులుదే ఎక్కువ బాధ. రేకులు మరీ కిక్కిరిసిన మొగ్గలు వానకు తడిసి, విచ్చకుండానే ముద్దకట్టి కుళ్లుతాయి. అలాంటి చోట రేకులు తక్కువున్న రకాలు ఎంచుకుని, పొద మధ్యకు గాలి ఆడేలా కొమ్మలు పలచన చేస్తారు.

ఏ ఊళ్లోనైనా పువ్వు కోసేది మంచు ఆరీ ఆరకముందే, బయటి రేకులు రెండు మూడు విడినప్పుడు. అయిదు చిన్నాకులున్న ఆకుకు పైన కోస్తే ఆ కణుపు నుంచే తర్వాతి పూకొమ్మ వస్తుంది.