వెయ్యి గజాల గురిని నిలిపేది తోకే

1874 సెప్టెంబరు 26న న్యూయార్క్ దగ్గరి క్రీడ్‌మూర్ మైదానంలో అమెరికా, ఐర్లాండ్ జట్లు రైఫిల్ పోటీకి దిగాయి. దూరాలు 800, 900, 1000 గజాలు. ఆఖరి గుండు జాన్ బోడిన్‌ది. అంతకు కాసేపటి ముందే జింజర్ బీరు సీసా పగిలి అతని చెయ్యి తెగింది. నెత్తురోడుతున్న చేతికి రుమాలు చుట్టుకుని టార్గెట్ నట్టనడుమ కొట్టాడు. అమెరికా 934, ఐర్లాండ్ 931.

బోడిన్ చేతి గురించి అందరూ చెప్పుకుంటారు, ఆనాటి గుండు గురించి చెప్పేవాళ్లు తక్కువ. సీసంలో కాస్త తగరం కలిపి పోతపోసిన పొడవాటి, బరువైన గుండు అది. సీసం మెత్తన. రైఫిల్ గొట్టం లోపలి మెలికల గాళ్లకు రాసుకుని చెడిపోకుండా దానికి పలచని కాగితం తడిపి రెండు చుట్లు చుట్టి ఆరబెట్టేవారు. ఆరితే బిగుసుకుపోతుంది. గొట్టం దాటిన మరుక్షణం అదంతా చిరిగి రాలిపోవాలి. చిన్న ముక్క అంటుకుని ఉన్నా గుండు దారి తప్పుతుంది.

పొగరాని తుపాకిమందు వచ్చాక వేగం బాగా పెరిగింది. ఆ ఒరిపిడికి ఉత్త సీసం ఆగలేదు, సీసం మీదికి లోహపు తొడుగు వచ్చింది. ఫ్రెంచి సైన్యం 1898లో మరో దారి పట్టింది. వాళ్ల ‘బాల్ డి’ మొత్తం ఇత్తడే. ముక్కు సూదిగా, తోక సన్నగా ఉంటుంది.

ఆ తోకలోనే అసలు విద్య ఉంది. దూసుకుపోయే బుల్లెట్ వెనక గాలి పీడనం పడిపోయి, దాన్ని వెనక్కి లాగుతూ ఉంటుంది. పడవ వెనకభాగంలా తోకను కుదిస్తే ఆ లాగుడు తగ్గుతుంది. సూదిముక్కు ఉపయోగం ముఖ్యంగా ధ్వనిని మించిన వేగంలో. వేగం తగ్గేకొద్దీ తోక వాటా పెరుగుతుంది.

తోకకు ఇంకో పని కూడా ఉంది. అమెరికన్ వైద్యుడు ఫ్రాంక్లిన్ మాన్ బుల్లెట్లను కావాలని పాడుచేసి పేల్చి చూసి, 1909లో పుస్తకం రాశాడు. ముక్కు చెడగొడితే గురి పెద్దగా చెదరలేదు. అడుగు, అంటే తోక చివర, కొంచెం చెడినా చెదిరిపోయింది. బుల్లెట్ గొట్టం విడిచే క్షణంలో వెనకనుంచి తన్నుకొచ్చే వాయువు, అడుగు సమంగా లేకపోతే ఒక పక్కనుంచి ముందు బయటపడి దాన్ని ఒరగదోస్తుంది. ఈ రంగంలో ఇంతకన్నా విలువైన పాఠం లేదని నా నమ్మకం.

ఆ పాఠం ఇప్పటి పోటీ బుల్లెట్ తయారీలోనే కనిపిస్తుంది. మామూలు సైనిక బుల్లెట్‌లో రాగి తొడుగు ముక్కు వైపు మూసి ఉంటుంది, సీసం వెనకనుంచి కూరుస్తారు. పోటీ బుల్లెట్‌కు అడుగే మూసి ఉంటుంది. సీసం ముందునుంచి దించి, తర్వాత ముక్కు కుదిస్తారు. చివర చిన్న రంధ్రం మిగిలిపోతుంది. దాన్ని చూసి వేట బుల్లెట్ అనుకునేవాళ్లున్నారు. అది అడుగును నున్నగా ఉంచడానికి ఎంచుకున్న పద్ధతి మిగిల్చిన గుర్తు మాత్రమే.

1876లో మొదలైన పామా దూరగురి రైఫిల్ పోటీల్లో ఇప్పుడు వాడే బుల్లెట్ 155 గ్రెయిన్లు, అంటే సుమారు 10 గ్రాములు. గొట్టం విడిచేటప్పుడు వేగం సెకనుకు 900 మీటర్లకు అటూ ఇటూ. వెయ్యి గజాలు చేరడానికి సుమారు ఒకటిన్నర సెకన్లు పడుతుంది. అప్పటికి ధ్వనివేగం కన్నా కిందికి జారితే బుల్లెట్ తూలిపోయే ప్రమాదం ఉంది. లాగుడు తగ్గిస్తే ఆ దూరందాకా వేగం మిగులుతుంది, పక్కగాలికి కొట్టుకుపోవడమూ తగ్గుతుంది. షూటర్లకు అన్నిటికన్నా పెద్ద శత్రువు ఆ పక్కగాలే.

సీసం ఇన్నాళ్లు నిలిచింది దాని సాంద్రత వల్ల. ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు, రాగికి 9 లోపే. కానీ వేటాడిన జంతువుల కళేబరాల్లో మిగిలిన సీసం తిని కాండర్ రాబందులు చనిపోతుంటే, కాలిఫోర్నియా 2019 నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. సరైన నిర్ణయం. అయితే అంతే బరువుకు రాగి బుల్లెట్ పొడవవుతుంది. పొడవైనకొద్దీ వేగంగా గిరగిరా తిరగాలని గణితవేత్త గ్రీన్‌హిల్ 1879లోనే సూత్రం కట్టాడు. కాబట్టి రాగికి మారేవాళ్లు బుల్లెట్‌తోపాటు, మరింత బిగువైన మెలిక ఉన్న గొట్టం కూడా వెతుక్కోవలసి రావచ్చు.