చక్రాల మీది కొలిమి

అనంతపురం మెట్ట ఊళ్లలో కమ్మరి కొలిమి ఊరికి ఒక మూలన స్థిరంగా ఉండేది. కర్రు సాగగొట్టించుకోవాలన్నా, ఎద్దులబండి చక్రానికి ఇనుప పట్టా వేయించుకోవాలన్నా రైతే పనిముట్టును భుజాన వేసుకొని తిత్తి దగ్గరికి నడిచేవాడు. ట్రాక్టరు గొర్రు, కల్టివేటరు, బోరు పైపు, ఇనుప గేటు వంటి బరువైన పనులు పెరిగాక ఆ వరుస తిరగబడి, నిప్పే పని ఉన్న చోటికి కదలవలసి వచ్చింది. ఇంటి ముందరి రేకుల కొట్టంలో రెండు మూడు వెల్డింగ్ యంత్రాలను ఒకే చట్రంలో అమర్చి, ఒక్క మనిషి తోసుకుపోయేలా చక్రాలు బిగించే బండికి ఈ అవసరమే మూలం. పైకి ఇది అరల బల్లలా కనిపించినా, దీని కొలతల్లో బండి కట్టే వడ్రంగి లెక్క, నిప్పును ఎరిగిన కమ్మరి జాగ్రత్త రెండూ ఉన్నాయి.

ఒకప్పటి నూనె ట్రాన్స్‌ఫార్మరు యంత్రం, అంటే రాగి లేదా అల్యూమినియం చుట్టలను నూనెలో ముంచి చల్లబరిచే పెట్టె, చాలావరకు 100 కిలోలకు పైగా తూగేది కనుక దానికి దాని చక్రాలే సరిపోయేవి. మరొక యంత్రంతో కలిపి అరలో పెట్టే ఆలోచనే ఎవరికీ రాలేదు. కరెంటును అధిక పౌనఃపున్యానికి మార్చి చిన్న చుట్టతోనే పని నడిపించే ఇన్వర్టరు యంత్రాలు వచ్చాక, రాడ్డుతో అతికే ఆర్క్ యంత్రం, చుట్ట నుంచి తీగ తనంతట తాను జారివచ్చే మిగ్, టంగ్‌స్టన్ సూదితో ఆర్గాన్ వాయువు రక్షణలో సన్నని రేకులను అతికే టిగ్, మూడూ ఒకే చోట ఇమిడాయి.

ఎద్దులబండిలో బరువు ముందుకు పడితే కాడి ఎద్దుల మెడను నొక్కుతుంది, వెనక్కి పడితే నొగలు పైకి లేస్తాయి. అందుకే సరుకును ఇరుసుకు ఇటూ అటూ సరితూగేలా నింపడం పల్లెలో పిల్లలకూ తెలిసిన విద్య. వెల్డింగ్ బండికీ అదే సూత్రం. అన్నిటికన్నా బరువైనది నిండు ఆర్గాన్ సిలిండరు. పెద్ద రకం మనిషి ఛాతీ ఎత్తున నిలబడి సుమారు 60 కిలోలు తూగుతుంది. కాబట్టి దానిని వెనుక చక్రాల ఇరుసుకు ఆనుకొని, నేలకు జానెడు కూడా మించని ఎత్తులో పలకపై నిలిపి, నడుము దగ్గర ఒకటి, భుజం దగ్గర ఒకటి, రెండు గొలుసులతో బిగించాలి. ఒక్క గొలుసు చాలుననుకోవడం పొదుపు కాదు, ప్రమాదం. సిలిండరు పడి వాల్వు విరిగితే లోపలి ఒత్తిడికి అది తుపాకి గుండులా దూసుకుపోతుంది. యంత్రాల్లో బరువైనదాన్ని కింది అరలో, తరచూ మీట తిప్పవలసినదాన్ని పై అరలో పెట్టి, పై అరను ముందుకు కొద్దిగా వాల్చితే వంగకుండానే అంకెలు కనిపిస్తాయి.

చక్రాల విషయంలో బజారు బండ్లు ఈ సీమకు నప్పవు. ఇక్కడి కొట్టాల్లో చాలావాటికి తాడిపత్రి నాపరాళ్లు పరిచి ఉంటాయి, వాకిలి దాటితే ఎర్రమట్టి. 2 అంగుళాల చక్రం బండల సందులో ఇరుక్కుంటుంది, మట్టిలో కూరుకుపోతుంది. వెనుక 8 అంగుళాల చక్రాలు స్థిరమైన ఇరుసుకు, ముందు 5 అంగుళాల తిరుగుడు చక్రాలు బ్రేకుతో అమర్చుకున్న బండి వేపచెట్టు నీడ దాకా నెమ్మదిగానైనా వెళుతుంది.

అసలు పరీక్ష ఎండ, దుమ్ము, గాలి. ప్రతి యంత్రం మీద డ్యూటీ సైకిల్ అనే శాతం రాసి ఉంటుంది; 60 శాతమంటే ఆ కరెంటు దగ్గర ప్రతి 10 నిమిషాల్లో 6 నిమిషాలు పని, 4 నిమిషాలు విశ్రాంతి. ఈ శాతాన్ని సాధారణంగా 40 డిగ్రీల వేడిని ప్రమాణంగా పెట్టుకొని నిర్ణయిస్తారు. అనంతపురంలో ఏప్రిల్, మే నెలల ఎండ 40 దాటడం మామూలు, రేకుల కింద అది ఇంకా పెరుగుతుంది. అందుచేత అరలకు నిండు రేకు పరచకుండా యాంగిల్ చట్రం మీద యంత్రాన్ని ఆనించి, అడుగు ఖాళీగా వదిలి, వెనుక గాలి చీలికల దగ్గర జానెడు సందు ఇవ్వాలి. పై కప్పుకు మాత్రం నిప్పురవ్వలు పడకుండా నిండు రేకే ఉండాలి. గ్రైండరు నుంచి రాలే ఇనుప పొడి ఎర్రమట్టి కన్నా చేటు, ఎందుకంటే ఫ్యాను దాన్ని లోపలికి లాగితే సర్క్యూటు పలకల మీద కరెంటు దారి తప్పుతుంది. గ్రైండరును బండికే బిగించే అలవాటు ఈ కారణంగానే తగదు. యంత్రం చల్లారాక గుడ్డ కప్పవచ్చు, వేడిగా ఉండగా కప్పకూడదు.

ఇక గాలి. ఆషాఢంలో ఈ పీఠభూమి మీద వీచే గాలుల బలానికి జిల్లా కొండల మీది గాలిమరలే సాక్ష్యం. అలాంటి రోజున ఆరుబయట మిగ్, టిగ్ పెడితే రక్షణ వాయువు చెదిరి అతుకులో బుడగల రంధ్రాలు పడతాయి. రాడ్డు మీది పూత మండి తన వాయువును, చిట్టాన్ని తానే ఇస్తుంది కనుక గాలిని కొంత ఓర్చుకుంటుంది. అందుకే ఆర్క్ యంత్రాన్ని విడిగా లాగి చేను గట్టుకు తీసుకుపోగలిగేలా దాని అరకు అడ్డుకమ్మీ లేకుండా వదలడం తెలివైన పని.

కేబుళ్లకు పక్కన కొక్కేలు కావాలి, కానీ పని చేసేటప్పుడు వాటిని పూర్తిగా విప్పాలి. ఇనుప కొక్కేనికి చుట్టలుగా వేలాడుతున్న కేబులు తానే వేడెక్కుతుంది, ఏసీ యంత్రమైతే చుట్ట అడ్డుపడి కరెంటూ తగ్గుతుంది. గ్యాసు కటింగుకు వాడే నల్ల ఆక్సిజన్ సిలిండరును, మెరూన్ రంగు ఎసిటిలీన్ సిలిండరును ఈ బండి ఎక్కించక వేరుగా ఉంచడమే క్షేమం. బండి అనగానే ఇరుసుకు కందెన పెట్టే చేయి ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి: ఆక్సిజన్ వాల్వుకు, రెగ్యులేటరుకు నూనె గాని, గ్రీజు గాని తగిలితే ఒత్తిడిలో అది భగ్గుమంటుంది.

చట్రానికి కొత్త ఇనుమే కొననక్కరలేదు. ఎండిన బోర్ల నుంచి పైకి తీసిన జీఐ పైపు పిడికి బాగానే పనికివస్తుంది. అయితే దాని జింకు పూతను అతికే చోట గ్రైండరుతో పూర్తిగా తీసివేయకపోతే ఆ పొగ పీల్చినవారికి రాత్రికి చలిజ్వరం వస్తుంది. డ్రిప్పు పనిలో మిగిలిన పీవీసీ గొట్టాన్ని మూతతో బిగిస్తే మీటరు పొడవుండే టిగ్ కడ్డీలకు దుమ్ము పట్టని ఒర దొరికినట్టే. అతికేటప్పుడు ముందు నాలుగు మూలల్లో చుక్కలుగా మాత్రమే అతికి, ఎదురెదురు మూలల మధ్య దూరాలు రెండూ సమానమని కొలిచాక, ఒక మూల తరువాత దానికి ఎదురు మూల పట్టుకుంటూ పోతే వేడికి చట్రం మెలి తిరగదు.

బండి కట్టదలచినవారు ఇనుము కోయడానికి ముందే చక్రాలు కొనాలి, యంత్రాల కొలతలను గాలి సందులతో సహా నేల మీద సుద్దతో గీసుకోవాలి. ఆ పని వేసవిలోనే పూర్తిచేయడం మంచిది. తొలకరి పడిన మరునాడే గొర్రులు, గుంటకలు కొట్టం ముందు వరుస కడతాయి.