లెక్కలోకి రాని గెడ్డ

ఆర్థిక వృద్ధి ఆగకుండానే భూతాపం తగ్గించవచ్చా? తగ్గించవచ్చనేవాళ్లు బ్రిటన్‌ను చూపిస్తారు. 1990తో పోలిస్తే ఆ దేశపు నేల మీద వెలువడే వేడి వాయువులు దాదాపు సగానికి తగ్గాయి, సంపద మాత్రం పెరిగింది. అది నిజమే. బొగ్గు మానితే మేలు జరుగుతుందని మేమూ ఒప్పుకుంటాం. అయితే అక్కడివాళ్లు కొనే సరుకు వేరే దేశంలో తయారైతే, ఆ పొగ తయారుచేసిన దేశం ఖాతాలో పడుతుంది. అదీ కలిపితే తగ్గుదల అంత పెద్దగా కనిపించదు. లెక్క ఎక్కడ ఆపుతున్నారన్నదే మా అభ్యంతరం.

అల్యూమినియాన్నే చూడండి. సోలార్ పలకల చట్రాలకూ, కరెంటు తీగలకూ అది కావాలి. ఒక టన్నుకు సుమారు 4 టన్నుల బాక్సైట్ తవ్వాలి. దాదాపు 14 వేల యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. మన దేశంలో ఆ కరెంటు ఎక్కువగా బొగ్గు నుంచే వస్తుంది. ఇక ఆ బాక్సైట్ ఉన్నది మన తూర్పు కనుమల కొండల నెత్తిన. అక్కడ ఇంకిన వానే వేసవిలో ఊటై, గెడ్డై ఊరికి దిగుతుంది. పొగకైనా ఒక లెక్క ఉంది. గెడ్డకు ఏ లెక్కా లేదు.

ఎండ లేని వేళ కరెంటు కోసం నీటిని కొండ మీదికి తోడి నిలవచేసే ప్రాజెక్టులూ ఇప్పుడు మన్యానికి వస్తున్నాయి. వాటి అవసరం అబద్ధం కాదు. కానీ వాటికి పైనొక జలాశయం, కిందొక జలాశయం కావాలి. ఆ రెండింటి మధ్య ఎవరి పోడు ఉందో, ఎవరి ఊరు ఉందో ముందుగా అడిగేదెవరు?

అడిగించే దారి మనకుంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2013లో ఒడిశా నియమగిరిలో 12 గ్రామసభలు పెడితే, పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి.

మనం వృద్ధికి శత్రువులం కాదు. గర్భిణిని డోలీలో మోసుకెళ్లే ఊళ్లకు రోడ్డు కావాలి, ఆసుపత్రి కావాలి, బడికి కరెంటు కావాలి. ఇవి పెరగాలి. పెరగకూడనిది, మన కొండను ఖర్చుగా రాయకుండా లాభం చూపించే వ్యాపారం. ఏది పెరగాలో, ఏది ఆగాలో తేల్చకుండా రెండూ పొసుగుతాయా అని అడిగితే, ఆ ప్రశ్నే సగం ప్రశ్న.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. పిల్లలతో ఊరి ఊటలన్నీ రాయించండి. ఏది ఏ నెలలో ఎండుతుందో పెద్దలను అడిగించండి. రేపు గ్రామసభకు ఎవరైనా లెక్కలు పట్టుకొస్తే, మన చేతిలోనూ ఒక పుస్తకం ఉండాలి.