పూస్తే గానీ పేరు తేలదు

ఈరుపెన గుర్తుందా? రెండు వైపులా సన్నటి పళ్లుండే చెక్క దువ్వెన. మెక్సికోలో నాలుగు రకాల చిట్టి కాక్టస్‌ల ముళ్లు ఇంచుమించు అట్లాగే ఉంటాయి. నిలువు గీతకు అటూ ఇటూ వరసగా, గుచ్చుకోకుండా, మొక్క ఒంటిని అంటిపెట్టుకుని ఉంటాయి. ఒక్కో మొక్క రెండుమూడు వేళ్ల మందం. తప్పుడు పేరు చీటీతో చేతులు మారడంలో వీటిని మించినవి నేను చూడలేదు.

చీటీ రాసినవాళ్లను తిట్టి లాభం లేదు, పండితులే తికమకపడ్డారు. 1843లో ఎరెన్‌బర్గ్ సాన్ లూయిస్ పొటోసీ మొక్కకు పెలిసిఫోరా అసెల్లిఫార్మిస్ అని పేరు పెట్టాడు. ముళ్ల పోలిక చూసి 1930లో వాల్డెజియానాను, 1935లో స్యూడోపెక్టినాటాను అదే గాటన కట్టేశారు. ఇప్పుడవి రెండూ టర్బినికార్పస్‌లు. ప్యూబ్లా రాష్ట్రపు తెవాకాన్ లోయలో పుట్టిన పెక్టినిఫెరా కోసం 1923లో బ్రిటన్, రోజ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సొలీసియా అని వేరే ప్రజాతినే సృష్టించారు. చివరికది మామిలేరియాల్లో చేరింది.

భూతద్దం పెడితే కొంత తెలుస్తుంది. పెలిసిఫోరా బొడిపె పక్కల నుంచి నొక్కేసినట్టు ఉంటుంది, ముళ్లు మొదట్లో అతుక్కుపోయి ఉంటాయి. వాల్డెజియానా ముళ్లు మెత్తటి నూగు. మిగతా రెంటి దగ్గర నిజంగా చిక్కు. అక్కడ తీర్పు పువ్వుదే. మామిలేరియా పాత బొడిపెల సందుల్లోంచి, నెత్తికి కాస్త కిందగా పూస్తుంది. టర్బినికార్పస్ నడినెత్తిన, కొత్త చిగురు మీద పూస్తుంది. కాబట్టి పేరు కావాలంటే మొక్కను పూత దాకా బతికించాలి. గుర్తుపట్టడం, పెంచడం రెండు పనులు కావని నేనంటాను.

మా ఊరు గురుబరపల్లిలో మట్టికి కొదవ లేదు. కృష్ణగిరి చుట్టూ గ్రానైట్ క్వారీలే. క్రషర్ దగ్గర సన్న చిప్స్ తెచ్చి, దుమ్ము పోయేదాకా కడిగి, మూడు పాళ్లకు ఒక పాలు ఎర్రమట్టి కలుపుతాను. దుమ్ము మిగిలితే కుండీలో సిమెంటులా గట్టిపడుతుంది. తెవాకాన్ నేల సున్నపురాయిది కదా అని కొన్ని సున్నపురాయి ముక్కలూ వేస్తాను; అవసరం లేదనే పెంపకందార్లూ ఉన్నారు.

అసలు గొడవ వానలతో. మెక్సికో మెరక నేలల్లో వేసవి వానలు అక్టోబరుకు ముగిసి, చలికాలం ఎండగా గడుస్తుంది. మొక్క నిద్రపోయేది అప్పుడే. మనకేమో సరిగ్గా అక్టోబరు, నవంబరుల్లోనే ఈశాన్య రుతుపవనం వస్తుంది. నిద్రపోయే మొక్క తడిసిందంటే వేరు కుళ్లినట్టే. అందుకే వాటికి పారదర్శకమైన కప్పు వేసి, పక్కలు గాలికి వదిలేశాను. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చుక్క నీరు పోయను. పక్కింటి అవ్వకు ఇది మింగుడుపడదు: "ఏమప్పా, ఈ రాళ్లకు నీళ్లు పోసేది ఎప్పుడు?"

తొందర ఉన్నవాళ్లు డ్రాగన్ ఫ్రూట్ కాడ మీద అంటు కడతారు. పెరుగుదల చూస్తే కళ్లు తిరుగుతాయి. కానీ ఉబ్బిన ఒంటి మీద బొడిపెలు దూరం జరిగి ముళ్ల వరస చెదిరిపోతుంది. ఏ ముఖం చూసి ముచ్చటపడ్డామో ఆ ముఖమే పోయాక ఏం పెంచినట్టు? ప్రాణం మీదికొచ్చిన మొలకను కాపాడటానికైతే అంటు మంచిదే.

పురుగుల్లో పిండినల్లి ఒక్కటే నాకు భయం, వేళ్లలో చేరితే పైకి కనిపించదు. దీని దగ్గరి చుట్టమే కాచినీల్. మన పొలం గట్ల నాగజెముడును అణచడానికి 1926లో సింహళం నుంచి తెప్పించిన పురుగు ఆ జాతిదే. ఆ రోజుల్లో అది రైతుకు మేలు చేసింది. నా కుండీల దగ్గరకు మాత్రం దాని బంధువులు రాకూడదు.

ఈ నాలుగు కాక్టస్‌లూ, అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ అంతర్జాతీయ ఒప్పందపు మొదటి అనుబంధంలో ఉన్నాయి. అడవిలో తవ్విన మొక్కను వ్యాపారానికి దేశం దాటించడం నిషేధం. భారత్ 1976 నుంచి అందులో సభ్యదేశం. కొనేవాళ్లు కాగితంతో పాటు మొక్క అడుగు భాగాన్నీ చూడాలి. విత్తనంతో పెరిగింది శుభ్రంగా, గుండ్రంగా ఉంటుంది. కొండ మీద పెకిలించింది గాయాలతో, బెరడు కట్టి, ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. అందులో అరుదైనదని, పెద్దదని, చవక అని చెబితే అసలు ముట్టుకోవద్దు.

నేను విత్తనమే నాటుతాను. మూత డబ్బాలో, మరిగించి చల్లార్చిన నీటితో తడిపిన సన్న చిప్స్ మీద చల్లి నీడన పెడితే రెండు వారాల్లో మొలకలు ఆవగింజల్లా లేస్తాయి. పూతకు ఏళ్లు పడుతుంది. అందాకా చీటీ మీద పెక్టినిఫెరా అని పెన్సిల్‌తోనే రాస్తాను.