తంబురా ఆమె భుజానికెక్కాక

మైకు ముందు నిలబడి, ఎవరికీ జంకకుండా తన మాట తాను పాడే గాయని అనగానే ఇవాళ పాప్ ఆల్బమ్‌లు గుర్తొస్తాయి. కృష్ణా డెల్టాలో ఆ తెగువ 1940లలోనే కనిపించింది. మోటూరు ఉదయం, చింతల కోటేశ్వరమ్మ, వీరమాచనేని సరోజిని కలిసి కమ్యూనిస్టు ఉద్యమ కళాసంస్థ ప్రజానాట్యమండలి తరఫున బుర్రకథ దళం కట్టారు. తెలుగునాట తొలి మహిళా బుర్రకథ దళంగా దాన్నే చెప్పుకుంటారు.

ఆ నేల తెలియాలంటే విజయవాడ నుంచి ఏలూరు వెళ్లే హైవే ఎక్కాలి. దారిలో హనుమాన్ జంక్షన్ వస్తుంది. ఎడమకు తిరిగితే నూజివీడు, కుడికి తిరిగితే గుడివాడ, ఆ పైన పామర్రు. ఒకపక్క జమీందారీ గ్రామాలు, మరోపక్క కాలవల కింద వరి పండే పల్లెలు. రైతు సంఘాలు, కూలి సంఘాలు, మహిళా సంఘాలు బలంగా వేళ్లూనుకున్న అప్పటి కృష్ణా జిల్లా ఇది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి జనానికి అప్పటికే తెలిసిన కళారూపాలనే ఎంచుకుంది. వాటిలో పల్లె పల్లెకూ చొచ్చుకుపోయింది బుర్రకథే.

దానికి కారణం ఆ కళ నిర్మాణంలోనే ఉంది. బుర్రకథకు తెరలు అక్కర్లేదు, పెద్ద రంగస్థలం అక్కర్లేదు. ముగ్గురు మనుషులు, నాలుగు బల్లలు చాలు. నడుమ కథకుడు. భుజాన తంబురా, వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు. తంబురా శ్రుతినిస్తుంది, అందెలు తాళం వేస్తాయి, అడుగు ముందుకూ వెనక్కూ పడుతుంటే గజ్జెలు నడకను పట్టిస్తాయి. ఇరుపక్కలా ఇద్దరు వంతలు మట్టి గుమ్మెటలు వాయిస్తారు. వీటినే డక్కీలనీ అంటారు. కథకుడు చరణం అందుకుంటే వంతలు దాని చివర పట్టుకుని తందాన పలుకుతారు. ఆ కాస్త వ్యవధిలోనే కథకుడు ఊపిరి తీసుకుంటాడు, శ్రోత కథను జీర్ణించుకుంటాడు.

వంతలిద్దరిదీ ఒకే పని కాదు. హాస్యం చెప్పే వంత జనం మనసులో మెదిలే సందేహాన్నే అడుగుతాడు, నవ్విస్తాడు, కథ బరువెక్కినప్పుడు తేలిక చేస్తాడు. రాజకీయం చెప్పే వంత పాత కథను నేటి సంగతికి ముడిపెడతాడు. పల్నాటి యుద్ధమో, బొబ్బిలి యుద్ధమో, అల్లూరి సీతారామరాజు పోరాటమో సాగుతుండగానే ధాన్యం ధర, దొంగ నిల్వలు, బెంగాల్ కరువు మాటల్లోకి వచ్చేస్తాయి. రగడ, ద్విపద నడకల పాట, మధ్యలో వచనం, వచనంలో వాదన. యుద్ధ ఘట్టంలో లయ రెట్టింపవుతుంది, శోక ఘట్టంలో గుమ్మెట దాదాపు ఆగిపోతుంది. కథ ఇలా నడుస్తుంది కాబట్టే అక్షరం రానివాళ్లు కూడా గంటల తరబడి కదలకుండా వినేవారు.

ఈ కళలో ఆడవాళ్లు అసలు లేరని కాదు. బుర్రకథకు మూలమైన జంగం కథలో కథ చెప్పేది జంగందేవర, వంతపాడేది అతని ఇంటి ఆడవాళ్లు. పాటలో సగం బరువు వాళ్లే మోశారు. కథ నడిపే హక్కు మాత్రం వాళ్లది కాదు. ఉదయం దళం మార్చింది సరిగ్గా దీన్నే. నడుమ నిలబడిందీ స్త్రీయే, ఇరుపక్కల నిలబడిందీ స్త్రీలే.

ఈ మార్పు ఎంత పెద్దదో బుర్రకథ పద్ధతి తెలిస్తేనే అర్థమవుతుంది. కథ చెప్పే మనిషి పాత్రలన్నీ తానే అవుతుంది. కాసేపు వీరుడు, కాసేపు దొర, కాసేపు కొడుకును పోగొట్టుకున్న తల్లి. దొరను నిలదీసే మాట ఆమె నోటే పలకాలి, అదీ ఊరంతా చూస్తుండగా, గొంతు చివరి వరుసకు వినబడేలా. స్టేజీ ఎక్కిన ఆడదాన్ని చులకనగా చూసే రోజుల్లో, మర్యాదస్తుల ఇళ్ల ఆడపిల్లలు కాళ్లకు గజ్జె కట్టి ఆ పని చేశారు. 1948 తర్వాత కమ్యూనిస్టులపై మద్రాసు ప్రభుత్వ నిర్బంధం ముమ్మరమై ప్రదర్శనలు సాగని పరిస్థితి వచ్చింది. ఉదయం మాత్రం ప్రజాజీవితం వదల్లేదు. మహిళా ఉద్యమ నాయకురాలిగా చివరిదాకా పనిచేశారు.

అదే మండలి వేదికల మీద పాడిన మరో గొంతు కొండపల్లి కోటేశ్వరమ్మది. 1918లో పామర్రులో పుట్టారు. బాల్యవితంతువు, తర్వాత పునర్వివాహం, ఉద్యమం, అజ్ఞాతవాసం, భర్త విడిచిపోవడం, బిడ్డల మరణం. ఇన్నిటినీ తొంభై దాటిన వయసులో తన ఆత్మకథ ‘నిర్జన వారధి’లో దాపరికం లేకుండా రాశారు. ఉద్యమాన్ని ప్రేమిస్తూనే దానిలోని మగవాళ్లను ప్రశ్నించారు. జనం ముందు నిలబడి గొంతు విప్పడం అలవాటైన మనిషి రాసిన పుస్తకమని చదివినకొద్దీ తెలుస్తుంది.

మహాభారత కథలు పాడే ఛత్తీస్‌గఢ్ పండవానీలోనూ ఇలాంటి మలుపే ఉంది. ఆడవాళ్లు కూర్చుని పాడే పద్ధతికే పరిమితమైన కాలంలో తీజన్ బాయి లేచి నిలబడి, తంబురా ఊపుతూ భీముణ్ణి అభినయించారు. 2019లో ఆమెకు పద్మవిభూషణ్ దక్కింది. మన దగ్గర బుర్రకథ పితామహుడు షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. ‘అగ్గిరాముడు’ (1954) సినిమాలో ఆయన చెప్పిన అల్లూరి కథను ఇవాళా చూడొచ్చు. ఉదయం దళానికి అంతటి పేరు దక్కలేదు.

గుడివాడ, పామర్రు, నూజివీడు ప్రాంతాల్లో చిన్నతనంలో ఆ కథలు విన్న ముసలివాళ్లు ఇప్పుడు తొంభైకి అటూ ఇటూ ఉంటారు. వాళ్లకు గుర్తున్న వరుసలు, వంతల మాటలు ఈ ఏడాదే రికార్డు చేయాలి. కాలేజీ యువజనోత్సవాల్లో బుర్రకథ చెప్పే అమ్మాయిలకు నాజర్ పేరుతో పాటు ఉదయం పేరూ నేర్పాలి. తెలుగు గాయనుల చరిత్రను సినిమా నేపథ్యగానంతో మొదలుపెట్టే అలవాటు మానుకుని, ఉదయం దళంలోని ముగ్గురికీ అందులో ఒక అధ్యాయం రాయాలి.