కథాక్రమంలో పాట అర్థం: ఒక ప్రోగ్రెసివ్ మెటల్ ఆల్బమ్, పాలమూరు కిన్నెర కథ – తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒకే కథను వరుస పాటలుగా చెప్పే కాన్సెప్ట్ ఆల్బమ్‌లో ప్రతి పాటకూ అర్థం దాని స్థానాన్ని బట్టి ఏర్పడుతుంది. అమెరికాకు చెందిన ప్రోగ్రెసివ్ మెటల్ బృందం డ్రీమ్ థియేటర్ 1999లో వెలువరించిన ‘మెట్రోపోలిస్ పార్ట్ 2: సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ’ని ఈ దృష్టితో విశ్లేషించడం, ఆ వెలుగులో పాలమూరు కిన్నెర గానం సినిమా పాటలోకి వెళ్లినప్పుడు దాని అర్థంలో వచ్చిన మార్పును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కిన్నెర కథలను విడి పాటలుగా కాక సంపూర్ణ ప్రదర్శనలుగా నమోదు చేయాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కాన్సెప్ట్ ఆల్బమ్, ప్రోగ్రెసివ్ మెటల్, కిన్నెర, పండుగ సాయన్న, కథాక్రమం, మౌఖిక సాహిత్యం.

1. ఉపోద్ఘాతం:
ముక్తకానికీ ప్రబంధంలోని పద్యానికీ ఉన్న భేదం తెలుగు సాహిత్య విద్యార్థులకు సుపరిచితం. ముక్తకం తనంతట తాను నిలుస్తుంది. ప్రబంధంలోని పద్యం ముందువెనుకల కథను ఆశ్రయించి నిలుస్తుంది. దానిని విడదీసి చాటువుగా చదివితే సౌందర్యం మిగలవచ్చు గాని, కథలో అది చేసే పని మిగలదు. సంగీతంలో ఈ భేదాన్ని స్పష్టంగా చూపే ఆధునిక రూపం కాన్సెప్ట్ ఆల్బమ్. సంక్లిష్టమైన తాళగతులు, దీర్ఘమైన వాద్యభాగాలు గల ప్రోగ్రెసివ్ మెటల్ ఈ రూపాన్ని విస్తృతంగా వాడుకుంది. క్వీన్స్‌రైక్ బృందం 1988లో తెచ్చిన ‘ఆపరేషన్: మైండ్‌క్రైమ్’ అందుకు తొలి ప్రసిద్ధ ఉదాహరణల్లో ఒకటి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల సాహిత్యచరిత్రను ఎక్కువగా సంస్థానకవుల ఆధారంగానే రాసుకున్నాం. వారి పద్యాలకు ఆస్థానాల ఆదరణ, ఆ తరువాత ముద్రణ లభించాయి. గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించి తెలంగాణ పద్యకవిత్వానికి అచ్చులో స్థానం కల్పించారు. ఇదే నేలపై కిన్నెర మీద నడిచిన కథలకు అటువంటి సంచిక లేదు. వాటిని ఇప్పుడు నమోదు చేయబోతే ఏ ప్రమాణంతో చేయాలన్నదే ఇక్కడి ప్రశ్న. ఈ రెండు రూపాల మధ్య ప్రభావ సంబంధాన్ని ఈ వ్యాసం ప్రతిపాదించడం లేదు. నిర్మాణ సామ్యమే ఇక్కడి విషయం.

2. ఆల్బమ్ నిర్మాణం:
రెండు అంకాలు, పన్నెండు పాటలుగా సాగే ఈ ఆల్బమ్‌లో నికొలస్ అనే వ్యక్తి వశీకరణ చికిత్సలో తన పూర్వజన్మను గుర్తుచేసుకుంటాడు. ఆ జన్మలో అతడు విక్టోరియా అనే స్త్రీ. ఆమె 1928లో హత్యకు గురైంది. ఆమెను ప్రేమించిన జూలియన్, ఎడ్వర్డ్ అన్నదమ్ములు. హంతకుడు ఎవరన్నది కథలోని చిక్కుముడి.

‘ఓవర్చర్ 1928’ అనే రెండవ భాగంలో మాటలు లేవు. తరువాతి పాటల్లో వినిపించబోయే బాణీల తునకలు అందులో ముందే వినిపిస్తాయి. తొలిసారి వినేవారికి అవి వట్టి స్వరాలు. కథ తెలిసి మళ్లీ వినేవారికి అవి జ్ఞాపకాలు. పూర్వజన్మ స్మృతి అనే ఇతివృత్తం ఈ విధంగా శ్రోత అనుభవంలోకే ప్రవేశిస్తుంది. తొమ్మిదవదైన ‘ది డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ’ కూడా కేవలం వాద్యభాగమే. నూరుకు పైగా తాళమార్పులున్న ఈ భాగాన్ని విడిగా వింటే నైపుణ్య ప్రదర్శన అనిపిస్తుంది. వరుసలో వింటే, మాట చెప్పలేని చోట కథ అదుపు తప్పిన స్థితిగా అర్థమవుతుంది.

ఆరవ పాట ‘బియాండ్ దిస్ లైఫ్’ ఒక పత్రికావార్త రూపంలో నడుస్తుంది. ప్రత్యక్షసాక్షి మాట ఆధారంగా, జూలియన్ ఆమెను చంపి తానూ ప్రాణం తీసుకున్నాడని ఆ వార్త సూచిస్తుంది. చివరి పాట ‘ఫైనలీ ఫ్రీ’లో ఆ సాక్షే అసలు హంతకుడైన ఎడ్వర్డ్ అని తేలుతుంది. ఆరవ పాట ఒక్కటే విన్నవాడు అబద్ధాన్ని నిజమని నమ్ముతాడు.

పదకొండవదైన ‘ది స్పిరిట్ క్యారీస్ ఆన్’ విడిపాటగా బాగా ప్రచారం పొందింది. మరణం అంతం కాదనే ఓదార్పు అందులో ఉంది. అయితే ఆల్బమ్ అక్కడ ఆగదు. తరువాతి పాట చివర నికొలస్ కూడా హతుడయ్యాడని ధ్వనులు సూచిస్తాయి. పాత కథే పునరావృతమవుతుంది. ఓదార్పు పాట క్రమం నుండి విడివడితే అభయం, క్రమంలో ఉంటే విషాద వ్యంగ్యం. ఒకే పాటకు రెండు విరుద్ధార్థాలు కలగడానికి కారణం దాని స్థానం మాత్రమే.

3. కిన్నెర కథ:
కిన్నెర డక్కలి కళాకారుల వాద్యం. వెదురుబొంగు, ఎండిన సొరబుర్రలు, తేనెమైనంతో అతికించిన మెట్లు దాని ప్రధానాంగాలు. సంగీతరత్నాకరం పేర్కొన్న కిన్నరీవీణతో దీనిని పోల్చడం పరిపాటి. నాగర్‌కర్నూలు జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెరపై పండుగ సాయన్న, మియాసాబ్ వంటి వీరుల కథలు పాడి ప్రసిద్ధులయ్యారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు.

నిజాం పాలనాకాలపు పాలమూరులో సాయన్న ఉన్నవారిని దోచి లేనివారికి పంచిన వీరుడని ప్రజల నమ్మకం. అధికారం దృష్టిలో అతడు బందిపోటు. ఆల్బమ్‌లో పత్రికావార్తకూ గతస్మృతికీ మధ్య ఉన్న వైరుధ్యమే ఇక్కడ అధికారం మాటకూ పాటకూ మధ్య ఉంది. ఒక ముఖ్యభేదం కూడా గమనార్హం. ఆల్బమ్ ఫలకంపై స్థిరపడిన రచన. దాని ముగింపు మారదు. కిన్నెర కథ కాలాన్ని బట్టి, సభను బట్టి కుదించుకుంటుంది, విస్తరించుకుంటుంది. అందువల్ల కిన్నెర కథలో క్రమం అంటే మార్పులేని పాఠం కాదు. వీరుని పుట్టుక నుండి పతనం దాకా వినేవారిని నడిపించే గమనం.

4. తునకగా మారిన కిన్నెర:
2021 సెప్టెంబరులో విడుదలైన ‘భీమ్లా నాయక్’ చిత్ర గీతం మొగిలయ్య గానంతో మొదలవుతుంది. తమన్ స్వరపరచిన ఈ పాటలో కిన్నెరగాడు నాయకుని జన్మస్థలం, తల్లిదండ్రులు, తాతల పేర్లు వరుసగా పలుకుతాడు. ఇది వీరగాథకు తగిన ప్రారంభమే. వంశకీర్తనతో వీరుడు సభలోకి వస్తాడు. కానీ కథ రావలసిన చోట తప్పెట్లు, బృందగానం వచ్చి సినిమా బాణీ ఆరంభమవుతుంది. కిన్నెర ప్రస్తావన వరకే పరిమితమైంది. ‘ఓవర్చర్’ను మాత్రం ఉంచుకుని తక్కిన ఆల్బమ్‌ను విడిచిపెట్టినట్లయింది.

అంతకన్నా ముఖ్యమైన మార్పు నాయకుని స్థానంలో ఉంది. సాయన్న అధికారానికి ఎదురు నిలిచినవాడు. భీమ్లా నాయక్ పోలీసు అధికారి. అధికారం వెంటాడిన వీరునికి కట్టిన వంశకీర్తన రూపం ఇక్కడ అధికారం ధరించిన వీరునికి అలంకారమైంది. స్వరం అదే, గొంతు అదే. స్థానం మారడంతో అర్థం తలకిందులైంది. దీనిని కళాకారునిపై ఆక్షేపణగా తీసుకోకూడదు. ఆ గానమే ఆయన పేరును కోట్లమందికి చేర్చింది. అయితే ప్రసిద్ధమైనది ఆయన గొంతు మాత్రమే. ఆయన మోసిన కథ ఆ శ్రోతలకు చేరలేదు.

5. ముగింపు:
పై పరిశీలన నుండి తేలిన అంశాలు:

1. కథాగానంలో పాటకు అర్థం సాహిత్యం, బాణీలతో పాటు స్థానం వల్ల కూడా కలుగుతుంది. విడదీసిన భాగం అసంపూర్ణం కావడమే కాక, కొన్నిసార్లు మూలానికి విరుద్ధార్థం ఇస్తుంది.

2. నిమిషాల నిడివి గల దృశ్యఖండాలుగా కిన్నెర గానాన్ని భద్రపరిస్తే మనకు దక్కేవి ముక్తకాలు. ప్రబంధం దక్కదు.

3. కనుక నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల జిల్లాల్లో క్షేత్రపరిశోధన చేసేవారు ప్రదర్శనను మొదటి నుండి చివరి దాకా నమోదు చేయాలి. నడుమ వచ్చే వచనం, బాణీల పునరావృత్తి, సభికుల స్పందన, ఆనాడు గాయకుడు విడిచిపెట్టిన ఘట్టాలు అన్నీ పాఠంలో భాగాలే. ఒకే కథను వేర్వేరు సభల్లో నమోదు చేస్తేనే క్రమంలోని స్థిరాంశం, చరాంశం తెలుస్తాయి.

డ్రీమ్ థియేటర్ బృందానికి తన కథను క్రమంతో సహా భద్రపరచుకునే వసతి ఉంది. పాటను విడిగా విన్న శ్రోత ఎప్పుడైనా ఆల్బమ్ దగ్గరికి వెళ్లగలడు. సినిమా ద్వారా కిన్నెర విన్న శ్రోత సాయన్న కథ దగ్గరికి వెళ్లాలంటే ఆ కథ సంపూర్ణంగా ఎక్కడో ఒకచోట ఉండాలి. ఆ చోటును ఏర్పరచడం తెలుగు పరిశోధన బాధ్యత.